విశ్వవిద్యాలయమూ, మందుల పరిశ్రమా చేయి కలిపితేనే ఇంటికి మేలు

"పెరటి మొక్క వైద్యానికి పనికిరాదు" అన్న సామెత మన ఇళ్లలో తరతరాలుగా వినవస్తున్నదే. వైద్యవృత్తిలో ప్రవేశించిన నాటినుండి నేనూ ఈ సామెతను ఎదుర్కొంటూనే ఉన్నాను. అయితే పెరటి మొక్క నిజంగా పనికివస్తుందా, రాదా అన్న సంగతిని తేల్చవలసినవారు ఎవరు? మా తాతగారు వాడారు గనుక తప్పక పనిచేస్తుందని ఒకరంటారు. పెద్దాసుపత్రి డాక్టరుగారు నవ్వి ఊరుకున్నారు గనుక పనిచేయదని మరొకరంటారు. ప్రకటన చూశాము గనుక కొని వాడుతున్నామని ఇంకొకరంటారు. ఈ మూడు మాటల మధ్య నలిగిపోతున్నవాడు మధ్యతరగతి గృహస్థు. డబ్బు పోయేదీ ఆయనదే, ఆరోగ్యం పోయేదీ ఆయనదే.

ఈ చిక్కును విడదీయగలవారు ఇద్దరని నా అభిప్రాయం. ఒకరు మందును నిష్పక్షపాతంగా పరీక్షించి చూడగల విశ్వవిద్యాలయం. రెండవవారు ఆ పరీక్షలో నెగ్గిన మందును నాణ్యత చెడకుండా తయారుచేసి ఊరూరా అందించగల పరిశ్రమ. వీరిద్దరూ ఎవరి దారి వారిదిగా ఉన్నంతకాలం మన వైద్యం గ్రంథాలలోనూ, ప్రకటనలలోనూ మాత్రమే వర్ధిల్లుతుంది. వీరు చేయి కలిపితే కలిగే మేలు ఏమిటో, ఆ కలయికలో జాగ్రత్తపడవలసిన చోట్లు ఏవో ఈ వ్యాసంలో మనవి చేస్తాను. ఇది నాకు కేవలం చర్చ కోసం ఎత్తుకున్న విషయం కాదు. మా కుటుంబంలో జరిగిన ఒక అనుభవమే నన్ను ఈ ఆలోచనకు పురికొల్పింది.

మా బావగారి సంగతి

2002వ సంవత్సరంలో మాట. మా అక్కగారి భర్త ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. రక్తపరీక్షలో కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్నదని తేలింది. డాక్టరుగారు రోజుకొక మాత్ర వ్రాసి ఇచ్చారు. బావగారు ఆ చీటీ పట్టుకుని నా వద్దకు వచ్చి, "ఏమోయ్, జీవితాంతం ఈ ఇంగ్లీషు మాత్ర మింగవలసిందేనా? మీ శాస్త్రంలో దీనికి ఏమీ లేదా?" అని అడిగారు.

"ఎందుకు లేదు బావగారూ, గుగ్గులు ఉన్నది. మన శాస్త్రవేత్తలే పరీక్షించి నిరూపించారు" అని నేను గర్వంగా చెప్పాను. చెప్పినదానిలో అబద్ధం లేదు. నేను చదివినంతవరకు అది నిజమే. కాని డాక్టరుగారి మాత్ర మానవద్దని గట్టిగా చెప్పలేదు. ఆ లోపం నాదే. బావగారు ఎవరికీ చెప్పకుండా ఆ మాత్ర మానివేసి, గుగ్గులు ఒక్కటే నమ్ముకున్నారు. పది నెలలు తిరగకుండానే ఒకనాటి తెల్లవారుజామున గుండెనొప్పితో ఆసుపత్రిలో చేర్చవలసివచ్చింది. దైవానుగ్రహం వలన బ్రతికి బయటపడ్డారు. మాత్ర మానడం వల్లనే నొప్పి వచ్చిందని ఎవరూ రుజువు చేయలేరు. మా అక్కగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనమే ఈనాటికీ నన్ను బాధిస్తున్నది.

నేను చదివినది ఎంతవరకు నిజమో, చదవనిది ఏమున్నదో తెలుసుకోవాలని ఆనాడు కూర్చున్నాను. అప్పుడే గుగ్గులు కథ మొత్తం నాకు తెలిసివచ్చింది.

గుగ్గులు నడిచిన దారి

ముందుగా ఒక మాట. ధూపం వేసే గుగ్గిలమూ, ఔషధంగా వాడే గుగ్గులూ ఒకటి కావు. ఔషధ గుగ్గులును మనవైపు మహిసాక్షి అని పిలుస్తారు. రాజస్థాన్, గుజరాత్ ప్రాంతాల మెట్టభూములలో పెరిగే ఒక ముళ్లపొద కాండానికి గాటు పెడితే కారి గడ్డకట్టే జిగురు అది. మేదస్సు పెరిగి స్రోతస్సులు మూసుకుపోవడం వలన కలిగే వ్యాధుల గురించి సుశ్రుత సంహితలో వివరణ ఉన్నది. అటువంటి వ్యాధులకు చెప్పిన ఔషధాలలో గుగ్గులు ముఖ్యమైనది.

ఈ వర్ణన చదివి ఊరుకోక, దానిని పరీక్షకు నిలబెట్టాలని సంకల్పించినవారు జి.వి. సత్యవతిగారు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో 1966లో ఆమె సమర్పించిన సిద్ధాంత వ్యాసం ఈ విషయం మీదనే. కొవ్వు మేత పెట్టి కుందేళ్ల రక్తంలో కొలెస్టరాల్ పెంచి, వాటికి గుగ్గులు ఇచ్చి చూస్తే ఆ కొలెస్టరాల్ తగ్గింది. ప్రాచీన గ్రంథంలోని మాటకు ఆధునిక పరీక్షలో ఒక ఆధారం దొరికింది. ఆమె తరువాతి కాలంలో భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్ పదవిని కూడా అలంకరించారు.

కథ ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఏమయ్యేది? ఆ సిద్ధాంత వ్యాసం అట్ట కట్టించుకుని గ్రంథాలయంలో బీరువా ఎక్కేది. మన విశ్వవిద్యాలయాలలో అటువంటి వ్యాసాలకు కొదవలేదు. ఆయుర్వేద కళాశాలలలో ఏటేటా ఎందరో విద్యార్థులు కష్టపడి వ్రాసినవి ఎక్కువ భాగం ఆ బీరువాలలోనే నిద్రిస్తున్నవి. గుగ్గులు అదృష్టం బాగుండి, దానిని అందుకున్న చేతులు మరికొన్ని కలిశాయి. 1972లో సుఖదేవ్ గారి బృందం గుగ్గులులోని స్టిరాయిడ్ పదార్థాలను వేరుచేసి, వాటి నిర్మాణాన్ని ప్రచురించింది. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ ఆ జిగురునుండి అనవసరపు భాగాన్ని తొలగించి, పనికివచ్చే సారాన్ని తీసి, దానికి గుగ్గులిపిడ్ అని పేరు పెట్టింది. 1986లో దానికి మన దేశంలో ఔషధంగా అనుమతి లభించింది. సిప్లా సంస్థ దానిని గుగ్లిప్ అనే పేరుతో అంగడికి తెచ్చింది.

1989లో వైద్య పత్రికలో వెలువడిన ఫలితాలు నేను కొత్తగా వైద్యం ప్రారంభించిన రోజులలో చదివినవే. బొంబాయి, బెంగుళూరు, ఢిల్లీ, జైపూర్, లక్నో, నాగపూర్, వారణాసి నగరాలలో పరీక్షలు జరిగాయి. 205 మంది 12 వారాలపాటు రోజుకు మూడు పూటలా 500 మిల్లీగ్రాముల చొప్పున ఈ మందు తీసుకున్నారు. మరొక పరీక్షలో ఆనాడు వాడుకలో ఉన్న క్లోఫైబ్రేట్ అనే మందుతో దీనిని పోల్చి చూశారు. కొలెస్టరాల్ సగటున నూటికి 11 వంతులు, ట్రైగ్లిజరైడ్లు నూటికి సుమారు 17 వంతులు తగ్గాయని తేలింది. నేను బావగారికి గర్వంగా చెప్పినది ఈ ఫలితాలనే.

రెండు చేతులూ కలిస్తేనే చప్పట్లు

ఈ కథలో ఎవరికి ఏమి దక్కిందో ఒకసారి చూద్దాం. విశ్వవిద్యాలయం ఒక్కటే ఉంటే ఏడు నగరాలలో పరీక్షలకు సరిపడా మందును ఒకే రీతిగా తయారుచేయలేదు. పరిశోధకుడు తన ప్రయోగశాలలో ఒక గ్లాసులో తీసిన సారం వేరు. వేలాది మందికి సరిపడా బస్తాలకొద్దీ జిగురునుండి, ప్రతి విడతలోనూ అదే బలం ఉండేలా సారం తీయడం వేరు. రెండవది కర్మాగారపు విద్య. దానికి పెట్టుబడి కావాలి, యంత్రాలు కావాలి, ఏళ్ల తరబడి సాధన చేసిన పనివారు కావాలి.

పరిశ్రమ ఒక్కటే ఉంటే మరొక లోపం. మూలికల అంగడిలో గుగ్గులు అని అమ్మేదానిలో వేరే చెట్ల బంక, ఇసుక, బెరడు ముక్కలు కలిసి ఉండవచ్చు. అసలైనదేదో పోల్చుకోవడానికి వృక్షశాస్త్రం తెలిసినవారు కావాలి. అందులో పనిచేసే పదార్థం ఎంత ఉన్నదో కొలవడానికి రసాయనశాస్త్రం తెలిసినవారు కావాలి. ఎంత మోతాదు మేలు, ఎంత దాటితే కీడు అని తేల్చడానికి వైద్య కళాశాల కావాలి. ముడి గుగ్గులు ఎక్కువ మోతాదులో తింటే కొందరికి విరేచనాలు, ఒంటిమీద దద్దుర్లు వస్తాయి. మన పెద్దలు త్రిఫలా కషాయంలో శుద్ధి చేయనిదే దానిని వాడవద్దన్నారు. ఆ మాటలోని విజ్ఞతను గుర్తించి కొత్త పద్ధతిలో కొనసాగించడానికి చదువుకున్నవారి తోడు పరిశ్రమకు అవసరం.

మరొక లాభం మనుషుల రూపంలో కనిపిస్తుంది. బొంబాయి విశ్వవిద్యాలయం 1933లో రసాయన సాంకేతిక విభాగాన్ని ప్రారంభించింది. పరిశ్రమలతో చెట్టాపట్టాలుగా పెరిగిన చదువుల గుడి అది. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పుట్టిన కె. అంజిరెడ్డిగారు అక్కడ చదివి, పూణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో పరిశోధన చేసి, తరువాత 1984లో హైదరాబాదులో తమ పేరుతో మందుల సంస్థను నెలకొల్పారు. పరిశ్రమకు ఏమి కావాలో విశ్వవిద్యాలయానికి తెలిసినచోట చదువుకున్నవాడు ఉద్యోగం కోసం చెప్పులు అరగదీసుకోనక్కరలేదు. పదిమందికి ఉద్యోగాలు ఇవ్వగలవాడూ కాగలడు. కన్నబిడ్డల చదువుల గురించి బెంగపడే మన ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు.

మన తెలుగువాని మార్గం

ఈ కలయికకు అన్నిటికన్నా గొప్ప ఉదాహరణ మన భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికా వెళ్లకముందు ఆయన మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారన్న సంగతి చాలామందికి తెలియదు. తరువాత హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పరిశోధన చేసి, 1940లో లెడర్లీ అనే మందుల సంస్థలో చేరారు. విశ్వవిద్యాలయంలో నేర్చిన శాస్త్రం కర్మాగారపు వనరులతో కలిసిన తరువాత ఎనిమిదేళ్లలో ఆయన బృందం ఎన్నో మందులను లోకానికి అందించింది. ఫోలిక్ ఆమ్లం తయారీ వారిదే. బోదకాలు వ్యాధికి కారణమైన క్రిములపై పనిచేసే డైఇథైల్ కార్బమజైన్ వారి ప్రయోగశాల నుండి వచ్చినదే. బోదకాలు నివారణకు మన ప్రభుత్వం ఇంటింటికీ పంచిన మాత్ర అదే.

బోస్టన్ నగరంలో పిల్లల రక్తపు కాన్సరుకు చికిత్స చేస్తున్న సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు హార్వర్డ్ వైద్య కళాశాలకు చెందినవారు. ఆయనకు కావలసిన మందును లెడర్లీ ప్రయోగశాల తయారుచేసి ఇచ్చింది. అమినోప్టెరిన్ అనే ఆ మందు వాడిన పిల్లలలో కొందరికి, తాత్కాలికంగానే అయినా, వ్యాధి తగ్గుముఖం పట్టిందని 1948లో ఆయన ప్రకటించారు. అంతకుముందు ఆ వ్యాధిలో అటువంటి ఆశకే చోటు లేదు. దానికి చెల్లెలివంటి మెథోట్రెక్సేట్ నేటికీ కాన్సరుకు, కీళ్లవాతానికి వాడుతున్నారు. వైద్యుడి వద్ద మందు లేదు. మందు చేసేవారి వద్ద రోగి లేడు. ఇద్దరూ కలిసినందువలన ఆ పిల్లలకు ఆశ పుట్టింది.

కోయంబత్తూరులో జరిగిన పరీక్ష

ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పిన మనిషి ప్రయోగశాల నుండి వచ్చిన ఆ మెథోట్రెక్సేటే, దశాబ్దాల తరువాత ఆయుర్వేదంతో ముఖాముఖి నిలిచింది. 1943లో స్థాపితమైన కోయంబత్తూరు ఆర్యవైద్య ఫార్మసీవారు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజిలిస్ శాఖకు చెందిన వైద్యులతో కలిసి కీళ్లవాతం మీద ఒక పరీక్ష జరిపారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ దీనికి ధనసహాయం చేసింది. 2011లో ఫలితాలు వెలువడ్డాయి.

43 మంది రోగులను మూడు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు ఆయుర్వేద చికిత్స, ఒక జట్టుకు మెథోట్రెక్సేట్, మూడవ జట్టుకు రెండూ ఇచ్చారు. ఎవరికి అసలు మందు ఇచ్చారో, ఎవరికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారో రోగులకు తెలియకుండా, పరీక్షించేవారికీ తెలియకుండా 36 వారాలు నడిపించారు. కషాయానికి, గుళికకు, చూర్ణానికి కూడా రంగులో, రుచిలో పోలిన ఉత్తుత్తి మందులు తయారుచేయవలసివచ్చింది. ఏ విశ్వవిద్యాలయమూ ఒంటరిగా ఈ పని చేయలేదు. తరతరాలుగా కషాయం కాచిన చేతులకే అది సాధ్యం. పరీక్షా విధానం మాత్రం విశ్వవిద్యాలయం వారిది. మూడు జట్లలోనూ ఉపశమనం సుమారుగా సమానంగా కనిపించింది. ఆయుర్వేద జట్టులో దుష్ఫలితాలు సంఖ్యలో తక్కువగా ఉన్నాయి. 43 మంది మీద జరిగిన తొలి ప్రయత్నం గనుక దీనినే తుది తీర్పుగా భావించరాదు. అయినప్పటికీ "వైద్యుడు మనిషిని బట్టి మందు మారుస్తాడు, దీనికి పరీక్ష ఎలా పెడతారు?" అని ఇరుపక్షాలవారూ చెబుతూ వచ్చిన సాకు ఆనాటితో చెల్లకుండాపోయింది.

"కాదు" అనగల స్వేచ్ఛ

ఇప్పుడు మళ్లీ గుగ్గులు వద్దకు వస్తాను. బావగారు ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు, 2003లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంవారు గుగ్గులిపిడ్ మీద జరిపిన పరీక్ష ఫలితాలు ప్రచురించారు. కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్న 103 మందిని తీసుకున్నారు. కొందరికి పూటకు 1000 మిల్లీగ్రాములు, కొందరికి 2000 మిల్లీగ్రాములు, రోజుకు మూడు పూటలా ఇచ్చారు. మిగిలినవారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 8 వారాల తరువాత చూస్తే ఉత్తుత్తి మాత్ర తిన్నవారిలో చెడ్డ కొలెస్టరాల్ నూటికి 5 వంతులు తగ్గింది. గుగ్గులు తిన్నవారిలో తగ్గకపోగా నూటికి 4 నుండి 5 వంతులు పెరిగింది. ఆరుగురికి దద్దుర్లు కూడా వచ్చాయి.

ఆ ఫలితం చదివిననాడు నాకు కోపం వచ్చింది. వాళ్ల తిండి వేరు, మన తిండి వేరు అనుకున్నాను. ఆ మాటలో కొంత నిజం ఉండవచ్చు. మన దేశపు పరీక్షలలో కొన్ని మంచి ఫలితాలు వచ్చిన మాటా వాస్తవమే. కాని నిద్రపట్టని ఒక రాత్రి నాకు మరొక ఆలోచన తట్టింది. ఈ ఫలితాన్ని ప్రచురించకుండా బీరువాలో పెట్టి తాళం వేసి ఉంటే నేను ఇంకా ఎందరు బావగార్లకు అదే మాట చెప్పి ఉండేవాణ్ణి?

నా అభిప్రాయానికి మూలం ఇక్కడ ఉన్నది. పరిశ్రమకు "అవును" అన్న జవాబు కావాలి. అది వ్యాపార ధర్మం. దానిని నేను తప్పుపట్టను. విశ్వవిద్యాలయానికి మాత్రం "కాదు" అని చెప్పగల స్వేచ్ఛ ఉండాలి. "కాదు" అనలేని నోటినుండి వచ్చిన "అవును" అన్న మాటకు విలువ లేదు. పరిశ్రమ ఇచ్చిన ధనంతో పరీక్ష జరిపినా, ఫలితం ఏదైనా ప్రచురించే హక్కు తమదే అని విశ్వవిద్యాలయాలు ఒప్పందంలో ముందుగానే వ్రాయించుకోవాలి. మన దేశంలో వైద్య పరీక్షలను ముందుగా నమోదు చేసే రిజిస్ట్రీ 2007లో ప్రారంభమైనది. 2009 నుండి కొత్త మందుల పరీక్షలకు నమోదు తప్పనిసరి చేశారు. పరీక్ష మొదలుపెట్టిన సంగతి లోకానికి తెలిస్తే, ఫలితం ఏమైనదని అడిగే హక్కు లోకానికి ఉంటుంది. ఇలా అడిగే పరిస్థితి పరిశ్రమకు కూడా మేలే. నిజం చెప్పే సంస్థ అన్న పేరు ఏ ప్రకటనా తెచ్చిపెట్టలేదు.

పసుపు, ఆరోగ్యపచ్చ నేర్పిన పాఠాలు

మరి లాభం ఎవరిది అన్న ప్రశ్న కూడా ఉన్నది. 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి, గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై పేటెంటు లభించింది. దెబ్బ తగిలితే పసుపు అద్దే మన అమ్మమ్మలు ఈ వార్త వింటే ముక్కున వేలు వేసుకునేవారు. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి ప్రాచీన గ్రంథాలను, పాత వైద్య పత్రికలను సాక్ష్యంగా చూపి పోరాడిన మీదట 1997లో ఆ పేటెంటు రద్దయినది. ఇటువంటి దావాలను ముందుగానే అడ్డుకోవడానికి 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయానికి అంకురార్పణ జరిగింది. పేటెంటు తీసుకోవడం విశ్వవిద్యాలయానికి తప్పు కాదు. పదిమందికీ తెలిసినదానిని తన కొత్త ఆవిష్కరణగా చెప్పుకోవడమే తప్పు.

దీనికి భిన్నమైన ఉదాహరణ కేరళలో ఉన్నది. 1987లో అగస్త్య పర్వత ప్రాంతంలో వృక్షశాస్త్రజ్ఞులు అడవిలో నడుస్తున్నారు. దారి చూపుతున్న కాణి తెగవారు ఏదో చిన్న కాయ తింటూ అలసట లేకుండా కొండ ఎక్కుతున్నారు. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. తిరువనంతపురం సమీపంలోని ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధన సంస్థ దానిపై పనిచేసి జీవని అనే ఔషధాన్ని రూపొందించింది. ఇది విశ్వవిద్యాలయం కాకపోయినా ప్రభుత్వ పరిశోధనాలయమే. 1995లో తయారీ హక్కును 10 లక్షల రూపాయలకు, అమ్మకాలపై నూటికి 2 వంతుల రాయల్టీకి కోయంబత్తూరు ఆర్యవైద్య ఫార్మసీకే ఇచ్చారు. వచ్చిన దానిలో సగం కాణి ప్రజలకు ఇవ్వాలని నిర్ణయించారు. దాని కోసం 1997లో వారి పేరుతో ఒక ట్రస్టు ఏర్పడింది.

ఇది ఆదర్శవంతమైన ఆలోచన. అయితే అడవినుండి ఆకు సేకరించడంపై అటవీ శాఖ అభ్యంతరాలు వచ్చాయి. ఆకు సరఫరా చాలక తయారీ కుంటుపడింది. పరిశోధకుడు, పరిశ్రమ, గిరిజనుడు ఈ ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నారు. నాలుగవ కుర్చీలో కూర్చోవలసిన అటవీ శాఖను పిలవడం ఆలస్యమైంది. ఒప్పందంలో అందరినీ మొదటే కలుపుకోవాలన్నది ఇక్కడ మనం నేర్వవలసిన పాఠం.

ఎండిపోతున్న పొద

గుగ్గులుకు గిరాకీ పెరిగిన కొద్దీ ఆ పొదకు కష్టకాలం వచ్చింది. త్వరగా ఎక్కువ జిగురు రావాలని లోతుగా గాట్లు పెట్టి, ఆ గాట్లకు రసాయనాలు పూయడం వలన మొక్క నిలువునా ఎండిపోతుంది. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం 2015లో ఈ మొక్కను తీవ్రంగా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది. మందు అమ్ముకున్నాము, మొక్కను మరచిపోయాము. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు నారు పెంచి, గాటు పెట్టే సరైన పద్ధతి రైతుకు నేర్పి, పరిశ్రమ పంట మొత్తం కొంటానని ముందుగా మాట ఇస్తే ఆ పొద బ్రతుకుతుంది, రైతూ బ్రతుకుతాడు. 2002 నాటి జీవవైవిధ్య చట్టాన్ని 2023లో సవరించినప్పుడు గ్రంథస్థమైన సంప్రదాయ విజ్ఞానం వాడుకునేవారికి లాభాల పంపకం విషయంలో మినహాయింపులు ఇచ్చారు. చట్టం మినహాయించినంత మాత్రాన అంతరాత్మ మినహాయిస్తుందా అని మన ఆయుర్వేద సంస్థలు ఆలోచించుకోవాలి. గ్రంథం అడవిలో గాటు పెట్టదు. పెట్టేది ఒక పేదవాడి చేయి.

గృహస్థులకు మనవి

విశ్వవిద్యాలయాలు, పరిశ్రమలు చేయవలసినవి అవి చేస్తాయి. మన వంతు మనకూ ఉన్నది. నా అనుభవం నేర్పిన నాలుగు మాటలు మనవి చేసి ముగిస్తాను.

ఒకటి. గుండెకు, రక్తపోటుకు, కొలెస్టరాల్‌కు డాక్టరుగారు ఇచ్చిన మాత్రను ఎవరి మాట మీదనూ, నావంటి బంధువు మాట మీద అసలే, సొంతంగా మానవద్దు. ఆయుర్వేద మందు వాడదలచుకుంటే ఇద్దరు వైద్యులకూ ఆ సంగతి చెప్పండి. గుగ్గులు కొన్ని మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తుంది. ప్రొప్రనొలాల్, డిల్టియాజెం వాడేవారు ఈ విషయం తప్పక గమనించాలి. గర్భిణులు గుగ్గులు వాడరాదు.

రెండు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవారు అది వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకునే మందు అని మరువవద్దు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. వారంలో ఆ రోజు ఏదో కాలెండరుమీద గుర్తు పెట్టుకోండి.

మూడు. సీసా కొనేముందు దానిమీద లైసెన్సు నంబరు, మూలికల పేర్లు, మోతాదు, గడువు తేదీ ఉన్నవో లేవో చదవండి. "పరిశోధనలో నిరూపితం" అని వ్రాసి ఉంటే, ఏ విశ్వవిద్యాలయంలో, ఎంతమంది మీద, ఏ సంవత్సరంలో అని సంస్థకు ఒక ఉత్తరం వ్రాసి అడగండి. జవాబు ఇవ్వగలిగిన సంస్థ మందును నమ్మకంగా చూడవచ్చు. జవాబు రాకపోతే అదీ ఒక జవాబే.

నాలుగు. మీ పిల్లలు వృక్షశాస్త్రమో, రసాయనశాస్త్రమో, ఆయుర్వేదమో చదువుతామంటే "ఏమి లాభం?" అని నిరుత్సాహపరచవద్దు. ఆ బీరువాలలో నిద్రిస్తున్న సిద్ధాంత వ్యాసాలను మేలుకొలపవలసినవారు వారే.

మా బావగారు ఆ తరువాత చాలాకాలం ఆరోగ్యంగా ఉన్నారు. డాక్టరుగారి మాత్ర ఒక్కరోజు కూడా మానలేదు. ఉదయపు నడక, మితాహారం, భోజనంలో మెంతికూర మాత్రం నా సలహా మీద పాటించేవారు. ఒకసారి నేను గుగ్గులు గురించి రెండు రకాల ఫలితాలూ ఉన్న కాగితాలు పట్టుకువెళ్లి ఆయన ముందు పెట్టాను. లెక్కల మాస్టారు గనుక కళ్లజోడు సవరించుకుని అంకెలన్నీ శ్రద్ధగా చూశారు. "ఇందులో తప్పు లెక్క ఏదీ లేదోయ్. లెక్క ఇంకా పూర్తి కాలేదు, అంతే" అన్నారు. ఆ మిగిలిన లెక్కను విశ్వవిద్యాలయమూ, పరిశ్రమా కలిసి కూర్చుని, అందరికీ కనబడేటట్లు పూర్తి చేయాలి. పెరటి మొక్క వైద్యానికి పనికివస్తుందా, రాదా అన్నది అప్పుడే తేలుతుంది.